జెండా తీసిన చెయ్యి

ఖరగ్‌పూర్,
4 మార్చి 2024

అన్నయ్యకి,

కళ్యాణి నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఆ ముక్క నిజమో కాదో నాకే తెలియడం లేదు. అందుకని వదిలేస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేద్దామంటే మనది రెండు గదుల రైల్వే క్వార్టరు. నేను ఏ మూల గొణిగినా వంటింట్లో అమ్మకి వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే నీ ఫోను ఎప్పుడూ మీ తీతు చేతిలోనే. ఆ ఎనిమిదేళ్ళ వెధవ ఆట ఆడుకుంటూ, తెర మీద ఏం మెరిస్తే అది ఇల్లెగిరిపోయేలా చదువుతాడు. ఇది వాడు చదవాల్సిన సంగతి కాదు, భవ్య వదిన వినాల్సింది అంతకన్నా కాదు. నువ్వు కూడా ఇంటికి రాయకు. ఇక్కడ ఇందా పేటలో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్ చిరునామా కవరు వెనక రాశాను.

సంగతి నాన్నది. నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే యూనియన్ ఆఫీసుకి వెళతాడు కదా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. జ్వరమొచ్చినా వెళతాడు, వాన పడినా వెళతాడు. మొన్న యూనియన్ బుజ్జిబాబుగారు మా సెంటర్‌కి ఏదో టైపు చేయించుకోవడానికి వచ్చారు. "ఆదివారాలు మా నాన్నతో మీకు తీరికే ఉండదేమో" అన్నాను మాటవరసకి. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఆదివారం ఆపీసుకి తాళవే కదమ్మా. మీ నాన్న ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయినాదో" అన్నారు.

నిన్న వెంటపడ్డాను. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద. నాన్న సైకిలు తిన్నగా గోల్‌బజార్ వెళ్ళింది. చేపల దగ్గర అరగంట నిలబడి, మొప్పలు ఎత్తి చూసి, ఒకటి వద్దని ఇంకోటి తీయించి, పెద్ద రొహూ కొన్నాడు. మనింట్లో ఆదివారమంటే గుడ్ల కూర, గుర్తుందా? అక్కడినుంచి ఝపటాపూర్. సందులో ఆకుపచ్చ గేటున్న ఇల్లు. పిలవలేదు, తట్టలేదు. చెయ్యి లోపలికి పెట్టి గడియ తీసుకుని సొంతింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళాడు. యాభై దాటిన ఒకావిడ వచ్చి చేపల సంచీ అందుకుంది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఏదైనా మాట్లాడుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వెనకాలే నర్సు బట్టల్లో ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి వచ్చి "టీ ఎట్టీదా?" అంది. నవ్వకు గానీ, ఆ పిల్ల ముక్కు అచ్చం నీ ముక్కు.

ఎదురు కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడి, ఊరికే నిలబడితే బాగోదని మూడు కూల్‌డ్రింకులు తాగాను. నాన్న వచ్చేటప్పుడు ఆవిడ సంచీలో స్టీలు డబ్బా ఒకటి పెట్టింది. ఇంటికొచ్చి చూస్తే అది మన డబ్బాయే, మూత మీద అమ్మ పేరు కొట్టించి ఉంది. "ఇదెక్కడికి వెళ్ళిందమ్మా?" అన్నాను. "యూనియన్ ఆపీసుకి పులిహోర ఎట్టినాను కదే" అంది అమ్మ, నా వైపు చూడకుండా. అంటే అమ్మకి తెలుసా? తెలిసే డబ్బా కట్టి పంపుతోందా? మనింట్లో ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో నాకు తలకెక్కడం లేదు.

నువ్వు నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడివి. నీకేమైనా తెలుసా?

నీ చెల్లెలు,
నిన్నటినుంచి డిటెక్టివ్ అయిన
కళ్యాణి


పలాస,
12 మార్చి 2024

చిరంజీవి కళ్యాణికి,

అన్నయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, భవ్య చెయ్యి పెట్టని చోట, డ్యూటీ బ్యాగు అడుగున దాచాను.

ఆశ్చర్యపోయానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నన్ను తెచ్చి ఇక్కడ అమ్మమ్మ దగ్గర దింపేశాడు. బడి మధ్యలో, దసరా సెలవులైనా రాకముందు. నువ్వప్పుడు అమ్మ కడుపులో ఉన్నావు. "అమ్మకి నీరసంగా ఉన్నాది, కొన్నాళ్ళు ఇక్కడుండు" అన్నాడు. ఆర్నెల్లు మొహం చూపించలేదు. నువ్వు పుట్టావు, అమ్మ లేచి తిరిగింది, అయినా నన్ను వెనక్కి పిలవలేదు. పండగకి చుట్టంలా వచ్చి చుట్టంలా వెళ్ళేవాణ్ణి. నీకు నాన్న ఉన్నాడు, నాకు లేడు, అంతే తేడా. పిల్లాడు దేనికో అడ్డమైతేనే కదా అలా దూరంగా పెడతారు? దేనికి అడ్డమయ్యానో నీ ఉత్తరం చూశాక అర్థమవుతోంది.

ఇంకోటి. ఆయనతో ఉద్యోగంలో చేరినవాళ్ళందరూ సూపర్‌వైజర్లై దిగిపోయారు. ఆయన మాత్రం వచ్చే జూన్‌లో ఫిట్టరుగానే రిటైరవుతున్నాడు. పని రాదా అంటే, అంత పని తెలిసినవాడు లేడని మా రైలు డ్రైవర్లే అంటారు. మరెందుకు ఎదగలేదు? అడిగితే అమ్మ మాట మార్చేస్తుంది. ఈ ఇంట్లో మూత పెట్టిన సంగతులు చాలా ఉన్నాయి.

అమ్మని ఇప్పుడే కదపకు. ఆ ఇల్లు ఎవరిది, ఆవిడ పేరేమిటి, ఎన్నాళ్ళ వ్యవహారం, ఆ అమ్మాయి తండ్రి ఎవరు, ఇవి ముందు తెలుసుకో.

ఏప్రిల్ ఆఖరున తీతుని సెలవులకి అక్కడ దింపుదామని రైలు పాసు కూడా రాయించాను. వాడు తాతయ్య, తాతయ్య అని కలవరిస్తున్నాడు. నువ్వు తేల్చేదాన్ని బట్టి పంపేదీ మానేదీ చూస్తాను. నాకు తండ్రి విషయంలో జరిగింది జరిగిపోయింది. నా కొడుకుని మాత్రం ఏదో ఒకటి దాచిపెట్టే మనిషి చేతుల్లో పెట్టను.

అన్నయ్య,
సాయికుమార్


ఖరగ్‌పూర్,
18 మార్చి 2024

అన్నయ్యకి,

ముందు నా చెంపలు నేనే వాయించుకోనీ. ఆ ముక్కు నీది కాదు. ఎవరి ముక్కు వాళ్ళదే.

శనివారం ఆ ఇంటికి వెళ్ళాను. ఆధార్‌లో తప్పులు దిద్దుతామని మా సెంటర్ వేయించిన కరపత్రాలు చేత్తో పట్టుకుని, ఎంతో హుందాగా గేటు తట్టాను. ఆ పెద్దావిడ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, "గోవిందరావుగారి కూతురివి కాదేటి? ఆ నిలబడ్డవే సెప్తన్నాది. ఎండలో ఏటి, లోనికి రా" అంది. నా డిటెక్టివ్ ఉద్యోగం అక్కడితో సరి.

ఆవిడ పేరు అన్నమ్మ. నర్సమ్మాయి ఆలిస్, వాళ్ళ కూతురు. భర్త జాకబ్‌గారు లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు చీలమండ నుంచి కిందకి లేదు. పెట్టుడు పాదం పక్కన పెట్టుకుని, కాలికి నూనె రాసుకుంటున్నాడు. నాన్నతో ఒకే గ్యాంగులో పనిచేసేవాడట. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను.

కాలు ఎలా పోయిందో ఆయనే చెప్పాడు. తొంభై ఎనిమిది, విశ్వకర్మ పూజ రోజు. నీకు తెలుసు కదా, ఆ రోజు పనిముట్లకి పూజ చేస్తారు గాని వాటిని ముట్టరు, పెళ్ళాం పిల్లల్ని కూడా లోపలికి రానిస్తారు. కానీ రిపేరు లైన్లో ఉన్న వ్యాగన్ ఒకటి సాయంత్రానికి పంపాలన్నారట. "నాకేటి పూజ, నేను సేసీస్తాను అన్నాను. నన్నొక్కడినీ ఒగ్గలేక గోవిందూ వచ్చినాడు. కింద మనిషున్నాడని ఎర్రజెండా తనే పాతినాడు. మధ్యాన్నం మీ అమ్మా అన్నా వచ్చినారని, ప్రసాదం అట్టుకొస్తానని ఎల్లినాడు. నేను వ్యాగను కిందే ఉన్నాను. అంతట్లోకి షంటింగ్ ఇంజిను ఇంకో వ్యాగన్ని తోసుకొచ్చి దీనికి కొట్టినాది. జెండా లేదు కదా, డ్రైవరుకి ఏటి తెలుస్తాది?"

"జెండా ఏమైంది?" అన్నాను. "నేను బైటికొచ్చీసినాననుకుని తనే తీసీసినాడట. ఇచారణలో అలాగే సెప్పినాడు మీ నాన్న" అన్నాడు.

అదీ సంగతి. నాన్న పొరపాటుకి ఒక మనిషి కాలు పోయింది. పై మెట్టు ఎక్కకపోవడం దాని శిక్షే. ఇరవై ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ ఇంటికి చేపలు తీసుకెళ్ళి, శుభ్రం చేసి, ఆయన్ని కాసేపు పెరట్లో నడిపించి వస్తాడు. రెండో సంసారమని నేను ఎన్ని ఊహించుకున్నానో తలచుకుంటే సిగ్గేస్తోంది. ఇంటికొచ్చాక నాన్నకి ఊరికే రెండోసారి టీ పెట్టిచ్చాను. ఆయన అనుమానంగా చూసి తాగాడు.

ఒక్కటి మాత్రం వింతగా ఉంది. జాకబ్‌గారు అందరికంటే ముందు నీ గురించే అడిగాడు. "సాయి ఎలాగున్నాడు? బండి నడుపుతన్నాడట కదా?" అని. నా ఫోన్లో ఇంజిన్ ముందు నిలబడ్డ నీ ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. అన్నమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆయన, "నువ్వొచ్చినట్టు గోవిందుకి సెప్పకు" అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు.

తీతుని పంపుతున్నట్టే కదా?

కళ్యాణి


పలాస,
26 మార్చి 2024

కళ్యాణికి,

నీకు టీ పెట్టాలనిపించింది. నాకు చెమటలు పట్టాయి.

నువ్వు రైల్వే ఇంట్లో పుట్టావు గానీ రైల్వే పని చేయలేదు, అందుకని నీకు తట్టలేదు. వ్యాగన్ కింద దూరేవాడు ముందు పట్టాల మధ్య ఎర్రజెండా పాతాలి. అది ఉన్నంతసేపు ఏ డ్రైవరూ ఆ లైన్లోకి ఇంజిన్ తేకూడదు. పాతినవాడే దాన్ని తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోవడానికి లేదు. తీసేముందు వంగి చూడాలి, పేరు పెట్టి కేకెయ్యాలి, కిందనుంచి జవాబు రాకపోతే తీయకూడదు. ఇది మాకు అన్నప్రాసన నాడు నేర్పినట్టు నేర్పుతారు. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మన నాన్న, తాళం వేసి గుమ్మం దగ్గర నాలుగుసార్లు లాగే మన నాన్న, కింద స్నేహితుడు ఉండగా వంగి చూడకుండా జెండా తీసేశాడా? నేను నమ్మను. పొరపాటున ఆయన ఆ పని చేయడు. తీశాడంటే తెలిసే తీశాడు.

ఎందుకు తీశాడో నువ్వే రాశావు. మాట్లాడకుండా సంచీ అందుకున్న ఆ అన్నమ్మ. భర్త కదల్లేని ఇంటికి ఇరవై ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం. దాన్ని పశ్చాత్తాపం అన్నావు. నేను ఇంకో పేరు పెడతాను.

ఆ రోజు నేనూ ఉన్నాను అక్కడ. కొత్త చొక్కా, ఆకులో కిచిడీ, చెవులు పగిలే మైకు, గాలిపటానికి పొడుగాటి తోక కట్టుకుని తిరిగాను, అంతవరకూ గుర్తుంది. సాయంత్రం నాన్న నన్ను కొట్టాడు. జీవితంలో ఒక్కసారే కొట్టాడు, అది ఆ రోజే. వారం తిరక్కుండా పలాస రైలెక్కించాడు. నేనేదో చూసి ఉంటాను కళ్యాణీ. ఏం చూశానో గుర్తు రావడం లేదు. సాక్షిని ఊరు దాటించేశాడు, అంతే.

తీతుని పంపను. పాసు వెనక్కి ఇచ్చేస్తాను. నాన్నకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

సాయికుమార్


ఖరగ్‌పూర్,
2 ఏప్రిల్ 2024

అన్నయ్యకి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. నువ్వు అనుకున్నదేమీ లేదు. నేనే అనవసరంగా మొదలుపెట్టాను, నాదే తప్పు. జాకబ్‌గారికి వయసు మీద పడింది, ఏవో కలిపి చెప్పి ఉంటారు. ఆ పాత సంగతులు తవ్వుకుంటే ఎవరికీ మంచిది కాదు. ఇంతటితో వదిలెయ్యి.

తీతుని పంపు. నాన్న వాడి కోసం పాత చిన్న సైకిలు ఒకటి సంపాదించి, రోజూ డ్యూటీ నుంచి వచ్చాక దానికి రంగు వేస్తున్నాడు.

ఇక్కడ అందరం క్షేమం.

కళ్యాణి


పలాస,
10 ఏప్రిల్ 2024

కళ్యాణికి,

ఇది నీ ఉత్తరం కాదు. నువ్వు ఎప్పుడైనా "ఇక్కడ అందరం క్షేమం" అని రాశావా? వెక్కిరింత లేదు, కూల్‌డ్రింకు లేదు, ఎవరి ముక్కూ లేదు. ఎవరో పక్కన కూర్చుని రాయించినట్టుంది. ఎవరు? నాన్నా? అమ్మా? మూడు వారాల క్రితం జాకబ్‌గారు చెప్పినదంతా పూస గుచ్చినట్టు రాసి, ఇప్పుడు ఆయనకి మతి లేదంటావా?

నువ్వు కూడా వాళ్ళతో కలిసిపోయావు. నేనొక్కణ్ణే ఎప్పటిలాగే బయట. సరే.

నిన్న ఉగాది. తీతు పచ్చడి కూడా తినకుండా సైకిలు కోసం ఏడ్చాడు. వాడికి సైకిలు సంగతి ఎవరు చెప్పారు? నాన్నే ఫోన్ చేసి చెప్పాడట. నిన్న మళ్ళీ చేస్తే, ఫోను వాడి చేతిలోంచి లాక్కుని, "మా వాడికి ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి" అన్నాను. ఆయన "ఠీక్ హై నాన్నా" అని పెట్టేశాడు. తప్పు లేనివాడు అలా ఊరుకుంటాడా?

నువ్వు రాసిన పేరునీ, ఆ ఇంటి గుర్తుల్నీ బట్టి జాకబ్‌గారికి నేనే ఉత్తరం వేశాను. మీ కాలు పోయింది పొరపాటున కాదు, జెండా కావాలనే తీశారు, మీరు మళ్ళీ విచారణ కోరితే కన్నకొడుకునైనా నేను వచ్చి సాక్ష్యం చెబుతాను అని రాశాను. రేపో మాపో ఆయనకి అందుతుంది.

సాయికుమార్


ఖరగ్‌పూర్,
17 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

కవరు మీద పెద్ద అక్షరాలతో రాశాను, డ్యూటీ దిగాకే విప్పమని. ముందే విప్పి ఉంటే ఇక్కడితో ఆపి మడిచెయ్యి. ఇంటికెళ్ళి, వదిన పక్కన ఉన్నప్పుడు చదువు.

పోయిన ఉత్తరం ఎవరూ పక్కన కూర్చుని రాయించలేదు. నేనే రాశాను, అబద్ధమని తెలిసే రాశాను. నువ్వు కనిపెట్టేశావు. నాకు దాచడం చేతకాదు. మనింట్లో అది వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు.

నువ్వు మార్చి ఆఖర్లో రాసిన ఉత్తరం చదివాక ఆగలేకపోయాను. నాన్న డ్యూటీలో ఉండగా అమ్మని పట్టుకుని, నాన్న జెండా కావాలనే తీశాడా అని అడిగేశాను. అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఓలమ్మ, ఆయన తీసినాడని నీకెవరు సెప్పినారే?" అంది. ఆయనే చెప్పాడట కదా అన్నాను. అమ్మ చాలాసేపు ఏడ్చి అప్పుడు చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను, నావి కలపడం లేదు.

"మీ నాన్న ప్రసాదానికి ఎల్లినాడు. సాయి ఆడుకుంటన్నాడు. ఆ రోజు ఎక్కడ సూసినా రంగు జెండాలే, పూజకి కట్టినవి. ఇదీ అలాటిదే అనుకున్నాడు ఎర్రిబాగులోడు. కర్ర పడేసి గుడ్డ గాలిపటానికి తోక కట్టుకున్నాడు. ఇంజిను గుద్దినాక అందరూ అటు పరిగెత్తినారు. మీ నాన్న జాకబ్‌ని ఆసుపత్రికి ఎక్కించి ఎనక్కి తిరిగితే, వీడు మైదానంలో గాలిపటం ఎగరేస్తన్నాడు. ఎర్రగా ఆ తోక. మీ నాన్న గుడ్డ ఇప్పి జేబులో ఎట్టుకున్నాడు. ఒక్క దెబ్బ కొట్టినాడు. కొట్టి, ఆడి కాళ్ళకాడే కూలబడిపోనాడు. ఎనిమిదేళ్ళ గుంటడు మనిషి కాలు తీసినాడని ఊరంతా అంటే ఆడెలా బతుకుతాడే? బళ్ళో గుంటలు ఊరుకుంటారేటి? ఇక్కడుంటే ఎప్పటికైనా బయటడిపోతాదని పలాస అట్టుకెళ్ళిపోనాడు, మళ్ళీ పిలవలేదు. ఆ ఎనకే, ఇచారణ అయ్యేదాకా ఊరు దాటకూడదన్నారు, అందుకే ఆర్నెల్లు రాలేదు. ఆడిని దింపొచ్చి, మూడు రోజులు అన్నం ముట్టలేదు."

అదీ అన్నయ్యా. ఆ చెయ్యి నీది.

నేను వెంటనే నీకు రాద్దామన్నాను. సాయంత్రం నాన్న వచ్చి, నాకు తెలిసిపోయిందని విని, చొక్కా విప్పకుండానే నా ముందు కూర్చున్నాడు. "సాయికి రాయకు. ఆడు బండి నడిపీవోడు. ఎదర సిగ్నల్ సూసుకోవాల, మనసు ఎనక్కి లాగకూడదు. నన్ను తిట్టుకోనీ. తిట్టుకుంటే నాకేటి పోయింది?" అన్నాడు. నువ్వు ఆయన్ని నేరస్తుడి కింద లెక్కకట్టావని నేను చెప్పలేదు. తీతు రాడని చెప్పాను. అయినా ఆయన సైకిలుకి వేస్తున్న రంగు ఆపలేదు. అది చూడలేక నీకు ఆ అబద్ధపు ఉత్తరం రాశాను. ఒకళ్ళని కాపాడాలంటే ఇంకొకళ్ళకి అన్యాయం చెయ్యాలి, ఆ పని నాన్న ఇన్నేళ్ళు ఎలా చేశాడో నాకు ఆ ఒక్క ఉత్తరంతోనే తెలిసొచ్చింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న ఆలిస్ సెంటర్‌కి వచ్చి వాళ్ళ నాన్న రమ్మంటున్నాడని తీసుకెళ్ళింది. జాకబ్ మావయ్య నీ ఉత్తరం తలగడ కిందనుంచి తీసి నా చేతిలో పెట్టాడు. నేను ఆయనకి దణ్ణం పెట్టి, ఇది నమ్మొద్దు, నాన్న అలా చెయ్యలేదు అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆయనే చెప్పాడు.

"నాకు తెలుసమ్మా. వ్యాగను కిందనుంచి రెండు సిన్న కాళ్ళు కనబడినాయి. ఒక మేజోడు జారిపోనాది. ఒరే అని అరిసినాను, ఆ మైకు మోతలో ఎవరికి వినబడతాది? ఇచారణకి నన్ను మంచంతో మోసుకెళ్ళినారు. నేను నోరిప్పకముందే గోవిందు లేసి నిలబడి నేనే తీసినానన్నాడు. అప్పటికి ఆలిస్ నాలుగేళ్ళది. ఇదే ఆ పని సేసుంటే నేనేటి సెప్పీవోణ్ణి? అందుకని ఊరుకున్నాను. నాకు తెలుసని గోవిందుకి తెలీదు. తెలిస్తే ఆ సిగ్గుతో రావడం మానేస్తాడు. కాలు ఎలాగూ లేదు, ఆదివారం కూడా పోతే నాకేటుంటాది?"

నీకు రాయొద్దన్న నాన్న మాట ఆయనకి చెప్పాను. ఆయన నీ ఉత్తరం మీద వేలు పెట్టి, "ఇది సదివితే గోవిందు సచ్చిపోతాడు. మీ అన్న తెలీక తండ్రిని సంపుకుంటన్నాడు. రాసీ. యాబై ఎనిమిది వ్యాగన్లు ఈడ్సుకెళ్ళీవోడు, ఇది ఈడ్సలేడేటి?" అన్నాడు.

నాన్న మాట జవదాటి రాశాను. రాస్తున్నంతసేపూ భయమే. నీకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. అందగానే ఒక్క ముక్క రాయి. లేదా ఫోన్ చెయ్యి, ఎవరు విన్నా ఫరవాలేదు.

కళ్యాణి


పలాస,
24 ఏప్రిల్ 2024

కళ్యాణీ,

నువ్వు రాసినట్టే డ్యూటీ దిగాకే విప్పాను. ఒంట్లో బాగోలేదని చెప్పి మూడు రోజులు బండి ఎక్కలేదు. నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. భయపడ్డావు కదూ. నాకేమీ కాలేదు.

ఆ ఎర్ర తోక నాకు గుర్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. కొట్టిన తర్వాత నాన్న నన్ను దగ్గరికి లాక్కుని, "ఆ గుడ్డ పాతది, నేనే నీకిచ్చినాను. ఎవరడిగినా అదే సెప్పు" అన్నాడు. నాన్న చెప్తే నిజం కాకేం? కొన్నాళ్ళకి నాన్న ఇచ్చినట్టే గుర్తుండిపోయింది. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా ఆ కర్రమీంచి నేను తీసిన క్షణం గుర్తు రావడం లేదు. ఆ మేజోడు మాత్రం గుర్తొచ్చింది. కుడికాలిది, ఎలాస్టిక్ తెగిపోయింది.

నాన్న మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వే నమ్మవు. నేను చేసిన తప్పు నాకు చెప్పకుండా ఆయనే పెట్టుకున్నాడు, దానికి బదులుగా నాకు తండ్రి లేకుండా చేశాడు. ప్రేమతోనే చేశాడు, తెలుసు. తెలిసినా ఏడుపూ కోపమూ కలిసే వస్తున్నాయి. నేనేమో ఆయన్ని కాలు తీయించిన మనిషిని చేశాను. ఫోన్లో ఆయన "ఠీక్ హై నాన్నా" అన్న గొంతు చెవుల్లోంచి పోవడం లేదు.

మొన్న తీతు బంతి కొట్టి పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టాడు. పరిగెత్తుకొచ్చి నా వెనక దాక్కున్నాడు. పక్కింటి మహీధర్‌గారు వచ్చి ఎవరండీ అన్నాడు. "నేనేనండీ, బూజుకర్ర తగిలింది" అన్నాను. ఆలోచించి అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన వెళ్ళాక అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను. భవ్య వచ్చి ఏమైందంటే అప్పుడు మొత్తం చెప్పాను, నీ ఉత్తరాలన్నీ చూపించాను. తర్వాత తీతు చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళి వాడి చేతే చెప్పించాను. వాడు ఏడ్చాడు. ఆయన వాడికి బిస్కట్లు ఇచ్చి పంపాడు.

పాసు వెనక్కి ఇవ్వలేదు. ముగ్గురం బయల్దేరుతున్నాం, ఆదివారం పొద్దున్న దిగుతాం. తీతు సెలవులంతా అక్కడే ఉంటాడు. నేను స్టేషన్ నుంచి ఇంటికి రాకుండా తిన్నగా ఝపటాపూర్ వెళతాను. జాకబ్ మావయ్యకి నా నోటితో నేను చెప్పుకోవాలి, ఆయనకి తెలిసినా సరే. నాన్న ఎదురుగా ఉండాలి. ఎప్పటిలా చేపలు తీసుకుని వచ్చెయ్యమను. ఎందుకో ముందే చెప్పు, ఈ ఇంట్లో ఇంక ఎవరికీ ఏదీ దాచొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. నేను మాట్లాడుతుంటే ఆయన లేచి నిలబడతాడు, నాకు తెలుసు. నా మాట పూర్తయ్యేదాకా "నేనే తీసినాను" అనొద్దని చెప్పు.

నీ అన్నయ్య,
సాయికుమార్